విమలగారి పెరట్లో నీళ్లు పోయే దారి

గోదావరి జిల్లాలకు వెళ్లొచ్చామని తెలిశాక మా అనంతపురంలో ఎదురైన ప్రతివాళ్లూ పులస తిన్నారా అనే అడిగారు. తినలేదు. అది వరద నీటికి ఎదురెక్కి వచ్చే చేప. మేం వెళ్లింది వేసవి చివర, కాలవలు కట్టేసిన రోజుల్లో. ఏటా ఆ కాలంలో డెల్టా కాలవలకు నీళ్లు ఆపేస్తారు. అడుగున పేరుకున్న బురద తీస్తారు, గట్లకు మట్టి వేస్తారు, ఊళ్లో వాళ్లు ఇంటి పైకప్పులు సర్దుకుంటారు. పచ్చని చేలూ, నీళ్లలో కొబ్బరిచెట్ల నీడలూ చూడాలనుకునేవాళ్లు అప్పుడు వెళ్లకూడదు. మేం చూడటానికి వెళ్లలేదు, ఊడవటానికి వెళ్లాం.

ఊడవాల్సిన ఇల్లు విమలగారిది. మా పత్రిక అనంతపురం ఎడిషన్‌లో ఆమె చాలా ఏళ్లు ప్రూఫ్‌రీడరు. నేను రాసిన వార్త ఏదీ ఆమె కలం దెబ్బ తినకుండా అచ్చుకు పోలేదు. ఫొటోగ్రాఫర్ బాషాకు ఆ బాధ లేదు, ఫొటోల్లో అచ్చుతప్పులుండవు కదా. ముగ్గురం కాస్త ముందూ వెనకగా రిటైరయ్యాం. పెళ్లి చేసుకోని విమలగారు, పుట్టిన ప్రాంతానికి వెళ్లిపోతానన్నారు. పాలకొల్లుకు కాస్త దూరంలో, కాలవ గట్టు మీది ఊళ్లో ఆమె మేనత్త ఇల్లుంది. ఆ మేనత్త మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ పోయాక ఇల్లు విమలగారికీ, తునిలో గుమాస్తాగా పనిచేస్తున్న తమ్ముడు జీవన్‌కూ కలిపి వచ్చింది. వచ్చిన రోజు పడిన తాళం మళ్లీ తీయలేదు.

ఆ ఇంటిపక్క చేపల చెరువు తవ్విన ఆసామి, లారీలు తిరగడానికి స్థలం ఇమ్మని జీవన్‌ను అడుగుతున్నాడు. ఇచ్చేద్దామని తమ్ముడు, ఉంటానని అక్క. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. రాబోయే ఆదివారం పాస్టరుగారిని పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతానని, ఇల్లు మనిషి ఉండేలా కనిపిస్తే తనకు వదిలేయాలని, లేదంటే తమ్ముడు చూపించిన చోట సంతకం పెడతానని విమలగారు ఒప్పుకున్నారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశారు.

"మీకూ బాషాకీ ఇప్పుడు పనేం లేదు కదా శ్రీనివాసులు గారూ. రండి" అన్నారు. ప్రూఫులు దిద్దేటప్పుడూ ఆమె ఇంతే, అనవసరమైన మాట ఉంచేవారు కాదు.

పాలకొల్లు: రొట్టె, పానకం

రైలు దిగి మేం చేసిన మొదటి పని టిఫిన్. రొట్టె ఉందని హోటలాయన చెప్పగానే బాషా మొహం వెలిగిపోయింది. మాకు రొట్టె అంటే జొన్నరొట్టె, చేత్తో తట్టి పెనం మీద వేసేది. ఆయన తెచ్చి పెట్టింది మినపపిండితో మూకుట్లో కాల్చిన దిబ్బరొట్టె. అరచేతి వెడల్పు మందం, పైన ఎర్రటి పెచ్చు, లోపల దూది. పక్కన గిన్నెలో చెరకు పానకం.

"ఏమన్నా, ఇది రొట్టెనా, కూచునే పీటనా?" అన్నాడు బాషా నా చెవిలో.

హోటలాయన విననే విన్నాడు. "తిని చెప్పండి బాబూ. పీటో కాదో తెలుస్తది" అని అక్కడే నిలబడ్డాడు. బాషా ఒక ముక్క పానకంలో ముంచి తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. తర్వాత ఇంకో ప్లేటు చెప్పాడు. ప్లేటు యాభై రూపాయలు, పానకం ఎంత పోసుకున్నా అడగరు.

"ఏ ఊరండి మీది?"

"అనంతపురం."

"అమ్మో, ఎండలండి అక్కడ."

అప్పటికి మా చొక్కాలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. మా దగ్గర ఎండ నెత్తిన కొడుతుంది, నీడలోకి వెళితే వదిలేస్తుంది. ఇక్కడ నీడలోనూ వదలలేదు. అదే చెప్పాను. "ఇది ఎండ కాదండి, ఉక్క" అన్నాడాయన, ఎండ కన్నా ఉక్క మర్యాదస్తురాలన్నట్టు.

పాలకొల్లులో 'అండి' లేకుండా వాక్యం ముగియదు. ఆటో ఆయన వెనక్కి తగ్గమని గేదెను అదిలిస్తూ కూడా "ఏంటండి ఇది" అన్నాడు. మేం వెళ్లాల్సిన ఇల్లు చెప్పినప్పుడు మాత్రం ఆయన అద్దంలోంచి మా ఇద్దర్నీ ఓసారి చూశాడు.

"నర్సమ్మగారి ఇల్లాండి? ఎవరైనా వచ్చి ఉంటే మంచిదేనండి. వెనకాల వాళ్లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఎందుకని అడిగితే, "వెళ్తున్నారు కదండి, వాళ్లే చెప్తారు" అన్నాడు.

కాలవ గట్టు మీద ఇల్లు

ముందు గట్టు, గట్టు దిగితే ఇల్లు. గూనపెంకుల కప్పు, ముందు పొడుగ్గా వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు. ముందు గోడలు ఇటుకవి, వంటింటిది మాత్రం మట్టిగోడ. కప్పు మధ్యలో వంగి ముసలి గుర్రం నడుంలా ఉంది. పెరడు కనిపించలేదు. ముళ్లతోటకూర, వయ్యారిభామ, వాటి మీదికి అల్లుకున్న తీగలు, ఎన్నేళ్లుగానో ఎవరూ తీయక కిందపడిన కొబ్బరి మట్టలు.

విమలగారు మాకంటే ముందే వచ్చి, వసారా ఊడ్చి, కిరోసిన్ స్టవ్వు పెట్టి టీ కాస్తున్నారు. తాళం ఎంతకీ రాకపోతే గొళ్లెమే ఊడబీకించారట. లోపల గబ్బిలాల వాసన. మేనత్త పట్టెమంచానికి ఒక కోడు చెదలు తినేసింది. గోడకు వాక్యం రాసిన అద్దాల పటం, దాని కింద ఆవిడ ఆసుపత్రి గొడుగు వేలాడుతోంది.

"కప్పు నిలబడితే గెలిచినట్టే. వంటింటి గోడ ఒక్కటే నాకు భయం" అన్నారు విమలగారు. "జీవన్ ముందు దాన్నే చూస్తాడు."

మా ఊళ్లో పాడుపడ్డ ఇంటిని ఎవరైనా ఊడవడం మొదలుపెడితే చాలు, పనిచేసేవాళ్ల కన్నా సలహాలిచ్చే వాళ్లు ఎక్కువైపోతారు. ఇక్కడ గట్టు మీద పోయేవాళ్లంతా "బాగున్నారా అండి?" అని చక్కగా పలకరించారు, చక్కగా వెళ్లిపోయారు. ఒక్కరూ గట్టు దిగలేదు. వెనకవైపు మూడిళ్లున్నాయి, వాళ్లయితే పలకరించనూ లేదు.

"సగం మంది మా అత్తమ్మ చేతుల మీద పుట్టినోళ్లు. ఏమైందో మరి" అన్నారు విమలగారు. ఇక్కడే ఉండిపోవాలనుకున్న మనిషి. ఇల్లు నిలబడినా ఇరుగుపొరుగు ఇలా ఉంటే ఎలాగన్న దిగులు ఆ మాటలో ఉంది.

బాషా, దూలగొండి

పెరడు పని మా ఇద్దరిది. బాషా ఉత్సాహంగా ఒక తీగ పట్టుకుని బరబరా లాగాడు. దానికి గోధుమరంగు నూగుతో మెత్తటి కాయలున్నాయి. నిమిషం గడవకముందే చేతులు, మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత గెంతడం మొదలుపెట్టాడు.

వెనక దడి మీదుగా ఒక ఆడమనిషి ఇదంతా చూస్తోంది. తలమీద చేపల తట్ట, అమ్మకం ముగించుకుని వస్తున్నట్టుంది. పేరు మంగ అని తర్వాత తెలిసింది. ఆ దడి వైపునుంచి మాకు వినిపించిన మొదటి మాట ఆమెదే.

"దూలగొండండీ అది. గోక్కోకండి, గోక్కుంటే పాకుద్ది."

"మరేం చేయాల తల్లీ?" అన్నాడు బాషా ఏడవలేక.

"పేడ పూసుకుని ఎండలో నిలబడాలండి. ఎండాక దులిపేస్తే నూగంతా దాంతో పోద్ది."

పేడ ఆమె ఇవ్వలేదు. గట్టు మీద నేనే ఏరుకొచ్చాను. ముప్పై ఏళ్లు ముఖ్యమంత్రుల ముందు నిలబడి ఫొటోలు తీసిన బాషా, మోచేతుల దాకా పేడతో చేతులు బార్లా చాపి వసారా ముందు నిలబడ్డాడు. గట్టు మీద సైకిళ్లు ఆగాయి. విమలగారు వంటింట్లోంచి వచ్చి చూసి, నవ్వాపుకోలేక మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. దురద తగ్గింది. దడి అవతల కూడా ఎవరో నవ్వారు. నాకది మంచి శకునంలా అనిపించింది గానీ, మంగ మళ్లీ మాట్లాడలేదు.

రామచంద్రపురం పెంకులు

కప్పు ఎక్కి చూసిన పెంకుపని అప్పారావు వాసాలు గట్టివేనన్నాడు. పెంకులు మాత్రం చాలా పగిలాయి, కొత్తవి ఎవరూ చేయడం లేదు. "పాత ఇల్లు పడగొట్టే చోట పట్టాలండి" అన్నాడు. రామచంద్రపురంలో విమలగారి స్నేహితురాలి బంధువులు అదే పనిలో ఉన్నారని తెలిసి విమలగారు, బాషా, నేను ట్రాలీ ఆటోలో బయల్దేరాం.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటాం, రావులపాలెం దాటాక గౌతమి దాటాం. వేసవి కదా, రెండు వంతెనల కిందా నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ. అయినా అదే చూసి బాషా, "ఇంత నీళ్లు మనకుంటే జాతర చేస్తాం కదన్నా" అన్నాడు. రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు బస్తాల్లా పేర్చి ఉన్నాయి. మా డ్రైవరు ఒక హస్తం అరటిపళ్లు కొని మాకిచ్చాడు. డబ్బులివ్వబోతే బాధపడ్డాడు.

పెంకులిచ్చిన ఇంటావిడ పేరు సత్యవతిగారు. తన ఇల్లు తనే పడగొట్టిస్తూ, వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పర్యవేక్షిస్తున్నారు. "మెట్లున్న ఇల్లు కావాలని ఎప్పట్నుంచో కోరికండి నాకు. మేడ ఎక్కి బట్టలు ఆరేసుకోవాలి" అన్నారు. పాతిల్లు పోతోందన్న బెంగ ఆవిడలో వెతికాను, దొరకలేదు.

పెంకు మంచిదో కాదో తెలియాలంటే వేలి కణుపుతో కొట్టి వినాలి. గట్టిది ఖంగుమంటుంది. సన్నగా బీటవారినది, కంటికి ఎంత బాగున్నా, బొంగురుగా పలుకుతుంది. మధ్యాహ్నమంతా మేం ముగ్గురం వరసగా కూర్చుని కొడుతూ, వింటూ, పక్కన పెడుతూ పోయాం. సత్యవతిగారు పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు పెట్టించారు. ఇడ్లీపిండే, కానీ ఆకు వాసన పట్టి ఇంకోలా ఉంటుంది. బయల్దేరేటప్పుడు బాషా ఫోన్ నంబరు తీసుకున్నారు.

"మా పెంకులు మీ ఇంటిమీద ఎక్కాక వాట్సాప్‌లో ఫొటో పెట్టండి. మా ఆయనకి చూపించాలి, అవి దేనికీ పనికిరావన్నాడు."

మేం చేసిన చదును

ఆదివారానికి ముందు రోజు పొద్దుటికి కప్పు పూర్తయింది. నడుం వంకర పూర్తిగా పోలేదు గానీ ఎక్కడా ఆకాశం కనపడటం లేదు. సత్యవతిగారి పెంకులు కొంచెం ఎరుపెక్కువ, పాతవాటి మధ్య అతుకులు వేసిన దుప్పటిలా ఉంది. బాషా ఫొటో పంపాడు. విమలగారు పాస్టరుగారికి గుర్తుచేసి, బిస్కట్లూ టీ సరుకులూ తేవడానికి పాలకొల్లు వెళ్లారు.

మిగిలింది పెరట్లో పోగుపడిన చెత్త. పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, తవ్విపోసిన మట్టి. రేపు కుర్చీలు వేయాలి. వెనక దడి పొడవునా ఒక గుంత ఉంది. గడ్డి పెరిగి, అడుగున నల్లటి బురద, దోమలు. ఇంతకన్నా మంచి చోటు ఏముందనిపించింది నాకు. చెత్త అందులో పోసి, పైన మట్టి కప్పి, తొక్కి చదును చేస్తే పెరడూ పెరుగుతుంది, దోమలూ పోతాయి.

నేను పెరిగింది నీళ్లను పోనివ్వని ఊళ్లో. వాన మబ్బు పడితే మా అమ్మ పార తీసుకుని వీధిలోకి వెళ్లేది. వీధి నీళ్లు దానిమ్మ పాదులోకి మళ్లేలా చిన్న కట్ట వేసేది. అక్కడ ప్రతి ఇల్లూ అంతే. అందుకని గుంత పూడ్చడంతో ఆగలేదు నేను. పెరటి మూల పల్లంగా ఉన్న చోట మూరెడు ఎత్తు కట్ట కూడా వేశాను. విమలగారు ఇక్కడ మొక్కలు పెడితే ఒక్క చుక్కా వృథా కాదని బాషాతో గొప్పగా చెప్పాను.

దడి అవతల మంగ ఆగింది. "ఏంటండి, అది పూడ్చేస్తన్నారు?"

"చదును చేస్తున్నామమ్మా. రేపు కూడిక ఉంది."

"ఆహా" అంది ఆమె. వెళ్లిపోయింది.

మూడు దాటాక మబ్బు కమ్మింది. వాన మొదలయ్యేసరికి మేమిద్దరం వసారాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కప్పు ఒక్క చుక్క కారలేదు. నేను నిశ్చింతగా చూస్తున్నాను, నా కట్ట దగ్గర నీళ్లు ఎంత బాగా ఆగుతున్నాయో.

అవి ఆగుతూనే ఉన్నాయి. పెరడంతా పరుచుకున్నాయి. వంటింటి మెట్టు మునిగింది. మట్టిగోడ అడుగున పూత మెత్తబడి, పెద్ద పెచ్చు ఒకటి ఊడి నీళ్లలో పడింది. ఆ చప్పుడుకు బాషా లేచాడు. "అన్నా, ఇది పోవాల్సిన నీళ్లన్నా" అన్నాడు.

పారలు పట్టుకొచ్చినవాళ్లు

దడి నెట్టుకుని మంగ వచ్చింది. వెనక ఆమె భర్త సత్తిబాబు, తక్కిన రెండిళ్ల వాళ్లు, చేతుల్లో పారలు. మంగ పొయ్యి మునిగిందట. ఆరబెట్టిన ఎండుచేపల తట్ట తేలుతూ దడి దాకా వచ్చింది.

"ఇన్నేళ్లూ సగమే పూడిందండి, మొత్తం మీరు పూడ్చారు" అంది మంగ. అరవలేదు. ఆ 'అండి' నాకు ఇంకా చెవిలో ఉంది.

అప్పుడు తెలిసింది సంగతి. మేం గుంత అనుకున్నది మురుగుబోదె. ముందు కాలవ గట్టు ఎత్తు, పక్కన చేపల చెరువు గట్టు ఎత్తు. ఈ నాలుగిళ్ల మీద పడిన వాన బయటికి పోవడానికి ఉన్న దారి, మా పెరటి చివరగా సాగి మూలన పెద్ద డ్రైనులో కలిసే ఆ బోదె ఒక్కటే. కాలవలు కట్టేసినప్పుడు ఎవరి ఇంటి వెంబడి బోదె వాళ్లు తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ మూడిళ్లవాళ్లూ ఏటా తీస్తూనే ఉన్నారు. చివరి ముక్క ఈ ఇంటిది, తీసే మనిషి లేదు. అందుకని ప్రతి వానకూ వాళ్ల వాకిళ్లు నిండుతున్నాయి.

సరిగ్గా అప్పుడు ఆటో దిగారు విమలగారు, చేతిలో బిస్కట్ల సంచితో. గట్టు మీదనుంచే అంతా చూశారు.

"నాకెవరూ చెప్పలేదు మంగా" అన్నారు.

"మీ తమ్ముడుగారికి ఏటా ఫోన్ చేశామండి. చూస్తానండి అనేవారు. మీకు తెలిసే ఊరుకున్నారనుకున్నాం."

విమలగారు సంచి నా చేతికిచ్చారు. చీర పైకి దోపుకుని, మూలన ఉన్న పార తీసుకుని నీళ్లలోకి దిగారు. నేను పొద్దున తొక్కి గట్టిచేసిన చోటే తవ్వడం మొదలుపెట్టారు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది.

కొంతసేపు అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆమె పార పట్టుకున్న తీరు కలం పట్టుకున్నట్టే ఉంది. చివరికి మంగకే ఓపిక నశించింది.

"అలా గీరితే క్రిస్మస్ దాకా తవ్వాలండి. ఇటివ్వండి" అని లాక్కుంది.

అక్కణ్నుంచి అందరం దిగాం. మొదట మా పెంకులూ ఇటుకలూ బయటికొచ్చాయి. తర్వాత ఏళ్లనాటి బురద. నేను తట్టలు మోశాను. బాషా తీగలు లాగుతూ, పట్టుకునే ముందు ప్రతిదాన్నీ "అమ్మా, ఇది పట్టుకోవచ్చునా?" అని మంగను అడిగాడు. నాలుగోసారికి ఆమె నవ్వింది. "పట్టుకోండి, మీ ఊళ్లో తీగలే ఉండవేంటండి?" అంది. డ్రైను దగ్గర కొబ్బరి వేళ్లు అడ్డం పడ్డాయి. సత్తిబాబు కత్తితో నరికాడు. నా కట్టను తన్ని పడగొట్టే పని బాషా తనే తీసుకున్నాడు.

ఒక్కసారిగా నీళ్లు కదిలాయి. పెరట్లో తేలుతున్న ఆకులన్నీ ఒకే వైపుకు తిరిగాయి. తర్వాత గలగలమని చప్పుడు. వంటింటి మెట్టు బయటపడింది. బురదలో కొట్టుకుంటున్న మట్టగిడసలను సత్తిబాబు చేత్తోనే పట్టి తట్టలో వేశాడు.

"మీ పెరట్లో చేపలండి. సగం మీవి" అన్నాడు.

"వండితే తింటాను. చేప తోమడం రాదు" అన్నారు విమలగారు.

"ప్రార్థనకి తెస్తాలెండి" అంది మంగ.

ఆదివారం

తెల్లారి వంటింటి గోడ చూశాం. నిలబడే ఉంది గానీ మోకాలెత్తున తడి, కింద పూత ఊడి లోపలి మట్టి బయటపడింది. దాచడానికి ముందర పరదా కడదామన్నాడు బాషా. విమలగారు ఒప్పుకోలేదు. "తప్పును తప్పుగానే కనపడనివ్వాలి" అన్నారు.

జీవన్ పదింటికి వచ్చాడు. మంచి మనిషి, నెమ్మదస్తుడు. ఇస్త్రీ బట్టలు, మెరిసే బూట్లు. కప్పు చూసి ఆశ్చర్యపోయాడు, పెరడు చూసి నవ్వాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, గోడ మీద చెయ్యి పెట్టి, తడి అయిన అరచేతిని చూసుకున్నాడు.

"చాలా చేశావక్కా. కానీ ఇది ఈ వర్షాకాలం ఆగుతుందా? రేపు అర్ధరాత్రి కూలితే ఒక్కదానివి ఏం చేస్తావు?"

అడిగింది న్యాయంగానే ఉంది. అప్పుడే పాస్టరుగారు, సంఘంలో వాళ్లు వచ్చారు. పెరట్లో కుర్చీల్లో కూర్చున్నారు. పాటలు అయ్యాయి. మూడిళ్లవాళ్లు దడి దగ్గర చాపేసుకుని కూర్చున్నారు. మంగ నుదుట పెద్ద బొట్టు, పక్కన మూతపెట్టిన సత్తుగిన్నె. మా ఊళ్లో ఉరుసుకు అందరం వెళ్లినట్టే ఇదీ అని బాషా చెవిలో చెప్పాడు.

ఇలాంటి కూడికల్లో ప్రార్థన తర్వాత ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతారు, దేవుడు తమకు చేసిన మేలు గురించి. పాస్టరుగారు అడగ్గానే దడి దగ్గరనుంచి చెయ్యి లేచింది.

"మేం కూడా చెప్పొచ్చాండి అయ్యగారూ?" అంది మంగ.

పాస్టరుగారు ఒక్క క్షణం తడబడ్డారు. "చెప్పమ్మా" అన్నారు.

"నర్సమ్మగారి చేతుల్లో పుట్టానండి నేను. ఆవిడున్నన్నాళ్లూ, కాలవలు కట్టేయగానే బోదె ఆవిడే ముందు తీయించేవారు, తర్వాత మా అమ్మావాళ్లు. ఆవిడ పోయాక జీవన్‌బాబుగారికి ఫోన్ చేసేవాళ్లం. పాపం, చూస్తానండి అనేవారు." ఎవరో నవ్వారు. జీవన్ బూట్ల వంక చూసుకున్నాడు. "నిన్న విమలమ్మగారు మోకాల్లోతు నీళ్లలో దిగారు. పార పట్టుకోవడం రాదండి ఆవిడకి. అయినా దిగారు. ఈ స్థలం లారీలకిస్తే ముందు బోదె పూడుస్తారు, తర్వాత మా ఇళ్లు చెరువులే. ఈ ఇంట్లో మనిషి ఉండాలండి. గోడ తడిసిందని భయమైతే, మట్టి తొక్కడానికి మేం లేమా? అంతేనండి. ఆమెన్ కూడా అనాలాండి?"

"అనమ్మా" అన్నారు పాస్టరుగారు. ఈసారి తడబడలేదు.

టీ ఇస్తుండగా మళ్లీ చినుకులు మొదలయ్యాయి. అందరూ కుర్చీలెత్తుకుని వసారాలోకి వచ్చేశారు. జీవన్ రాలేదు. చూస్తే పెరటి చివర బోదె దగ్గర నిలబడి ఉన్నాడు. వాన పెద్దదైంది. మూడిళ్ల నీళ్లూ చేరి, మా పెరటి నీళ్లు కలుపుకుని, బోదెలో పడి మూల తిరుగుతున్నాయి. ఒక కొబ్బరి మట్ట కొట్టుకొచ్చి డ్రైను మూతి దగ్గర అడ్డం పడింది. జీవన్ అటూ ఇటూ చూశాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి దిగాడు. మట్ట పట్టుకుని లాగాడు. రాలేదు. సత్తిబాబు వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.

తడిసి ముద్దయి వసారాలోకి వచ్చిన తమ్ముడికి విమలగారు తువ్వాలు ఇచ్చారు.

"ఆ గోడకి కింద మూడు వరసలు ఇటుక కట్టించాలక్కా. పైన మట్టే ఉండనీ" అన్నాడు తల తుడుచుకుంటూ. "చెరువాయనకి నేను చెప్పుకుంటాలే."

విమలగారు లోపలికి వెళ్లి, మంగ తెచ్చిన సత్తుగిన్నె మూత తీసి, ముందు తమ్ముడికే వడ్డించారు. చింతకాయ వేసి వండిన మట్టగిడసల పులుసు. పులస సంగతి నాకు తెలియదు. నేను తిన్నది ఇదీ.

తిరిగొచ్చాక కొన్నాళ్లకు మా ఊళ్లో తొలి వాన పడింది. వీధిలోకి వెళ్లి, మా అమ్మలాగే కట్ట వేసి, దానిమ్మ పాదులోకి నీళ్లు మళ్లించాను. చెప్పులు కడుక్కుంటుంటే విమలగారి ఫోన్.

"ఇక్కడ పొద్దుట్నుంచీ వాన. నేనూ మంగా దడి దగ్గరే ఉన్నాం. నీళ్లన్నీ పోతున్నాయి శ్రీనివాసులు గారూ" అన్నారు, అంత సంతోషం ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు.

మా పాదులో నీళ్లు నిలిచాయని నేనూ చెప్పాను.